ఆమె వాటా

ఓటు రహస్యమని చట్టం ఒప్పుకుంది. అభిప్రాయం కూడా రహస్యమేనని ఎవరూ ఒప్పుకున్నట్టు లేదు. ఎన్నికల ముందు జరిగే ఫోన్ సర్వేల గురించి ఆలోచించినప్పుడల్లా నేను ఈ తేడా దగ్గరే ఆగిపోతాను.

పద్ధతి మామూలుదే. కంప్యూటర్ ఏవో కొన్ని నంబర్లు ఏరి డయల్ చేస్తుంది. ఫలానా పార్టీకైతే ఒకటి నొక్కండి అని రికార్డు చేసిన గొంతు చెబుతుంది, లేదా కాల్ సెంటర్ అమ్మాయి తెర మీది ప్రశ్నలు చదువుతుంది. నంబర్లు ఏరడంలో పక్షపాతం లేకపోవచ్చు. ఆ నంబరు ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతమే. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక టెలిఫోన్ డైరెక్టరీలూ కార్ల యజమానుల జాబితాలూ పట్టుకుని సుమారు కోటిమందికి నమూనా బ్యాలెట్లు పంపి, రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని తేల్చింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు.

ఫోను ఉన్నంత మాత్రాన సరిపోతుందా? 2024 ఎన్నికల ముందు ఏర్పేడులో మా వీధిలో ఒకామెకు ఇలాంటి కాల్ వచ్చింది. మొగుడు, అత్త, కొడుకు పక్కనే ఉన్నారు. స్పీకరు పెట్టారు. "నాకేం తెలస్తాది పాపా, మా ఆయన్ని అడుగు" అని ఫోను ఆయన చేతిలో పెట్టింది. మర్నాడు కుళాయి దగ్గర నాతో అంది: "తెలీక కాదక్కా. అందరూ ఇంటా ఉంటే ఎట్ట చెప్పేది? ఆ పెట్టెకి చెప్తే చాలదా?"

సర్వే భాషలో ఆమె 'చెప్పలేను' అన్న గడిలోకి పోతుంది, లేదా మొగుడి జవాబై తేలుతుంది. స్త్రీ నోరు విప్పాలని ఇన్నేళ్ళుగా రాస్తున్నాం కదా, ఇక్కడ ఆమె నోరు మూసుకోవడమే ఆమె రాజకీయం.

స్త్రీల జవాబులు తక్కువైతే వాటి విలువ పెంచి లెక్క సరిచేస్తారు. పలికిన ఒక్క స్త్రీని ఒకటిన్నరగానో రెండుగానో కడతారు. మరి పలికేది ఎవరు? సొంత ఫోను, వేసుకోడానికి తలుపు ఉన్న నాలాంటివాళ్ళు. నాకు కాల్ వచ్చినప్పుడు గది తలుపేసుకుని తీరిగ్గా జవాబు చెప్పాను. నా జవాబులో ఆమె వాటా కూడా కలిసే ఉంటుంది. ఆ వాటా ఆమె నాకివ్వలేదు. ఆమె తరఫున మొగుడు మాట్లాడితే పితృస్వామ్యం అంటాం. నేను మాట్లాడితే గణాంకశాస్త్రం అవుతోంది. (మన కథల్లో, వ్యాసాల్లో దీన్ని ప్రాతినిధ్యం అంటున్నామేమో!)

అలాగని అడగొద్దనలేను. ఈ రాష్ట్రంలో 2024 జాబితాలో పురుషుల కంటే స్త్రీ ఓటర్లే ఎక్కువ. ఆ అంకెలు చూసుకునే పార్టీలు పథకాలు అల్లుతాయి. లెక్కలోకి రాకపోతే నష్టపోయేది ఆమే. లోక్‌నీతి-సి.ఎస్‌.డి.ఎస్‌. వాళ్ళు ఎన్నికల అధ్యయనాల్లో ఇంటికే వెళ్ళి, ఓటు ప్రశ్న దగ్గరకొచ్చేసరికి నమూనా బ్యాలెట్ చేతికిచ్చి, గుర్తు పెట్టి మడిచి డబ్బాలో వెయ్యమంటారు. దానికి మనుషులు కావాలి, రోజులు పడుతుంది, డబ్బు ఖర్చవుతుంది. టీవీ చర్చకేమో సాయంత్రానికల్లా అంకె కావాలి.