లోటు ఎవరిది, ఎంత?

మన సీమలోని ఆమడగూరు లాంటి మండలంలో పోషకాల పొడి డబ్బాలు, విటమిన్ మాత్రలు పట్టుకుని గడపలోకి వచ్చేది కంపెనీ మనిషి కాదు. చుట్టమో, పక్కింటివారో, పిల్లలకు చదువు చెప్పే అయ్యవారో వస్తారు. ఇది పనిచేస్తుందా అని మనం అడుగుతాం. వాడి బాగుపడిన నలుగురి సంగతి వాళ్లు చెబుతారు. మిగతా పని మొహమాటం చేసేస్తుంది. అసలు ఆ ప్రశ్న దగ్గరే మనం తప్పటడుగు వేస్తున్నామని నా అభిప్రాయం. సప్లిమెంట్ అంటే తక్కువైనదాన్ని పూడ్చేది. అలాంటప్పుడు మొదట తేలవలసింది ఏది తక్కువైంది, ఎవరికి, ఎంత అన్నది. ఈ మూడింటికీ జవాబు ఉన్నచోట గోరంత మాత్ర ప్రాణం నిలుపుతుంది. జవాబు లేనిచోట అదే మాత్ర దండగ, ఒక్కోసారి హాని కూడా. అందుకే అనుమానించేవారిని నేను సప్లిమెంట్లకు శత్రువులుగా చూడను. నమ్మదగ్గ మాత్ర ఏదైనా ఈ లోకంలో ఉందంటే అది అనుమానాలన్నిటినీ తట్టుకుని నిలబడ్డ మాత్రే.

దీనికి సాక్ష్యం మన తెలుగువాడి చేతుల్లోనే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న రోజుల్లో, 1945లో, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. దాని జాడ మొదలైంది కూడా మన దేశంలోనే. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఈస్టు నుంచి తీసిన పదార్థంలో ఉన్న ఏదో గుణం వాళ్ల రక్తాన్ని బాగుచేస్తోందని గుర్తించారు. ఆ ఏదో ఏమిటో తేలడానికి ఏళ్లు పట్టింది. ఆ తర్వాత కూడా లోకం దాన్ని ఊరికే నమ్మలేదు. అంతకుముందు కాన్పులో వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన తల్లులు కొందరికి ఫోలిక్ ఆమ్లం ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా ఏడు దేశాల్లో పరీక్ష చేశారు. ఇచ్చినవారిలో ఆ లోపం 72 శాతం తగ్గిందని 1991లో తేలింది. ఇవాళ గర్భిణి చేతిలో ఆ మాత్ర పెడుతున్నామంటే దాని వెనక ఇంత కథ నడిచింది. కథలో రెండో సగం నాకు ఇంకా ముఖ్యం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు రూపాలను ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా పెచ్చుమీరినట్టు ఆయనకు కనిపించింది. అయితే ఈ విటమిన్‌ను అడ్డుకునే మందు ఇస్తే ఏమవుతుంది అన్న ఆలోచన అక్కడ పుట్టింది. అడ్డుకునే ఆ మందును, అమినోప్టెరిన్‌ను, అందించింది కూడా సుబ్బారావు బృందమే. దాన్ని ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలమైనా జబ్బు వెనక్కు తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించాడు. ఆ ఏడే సుబ్బారావు కన్నుమూశారు. ఒకే విటమిన్ ఒకరికి అమృతం, ఇంకొకరి దగ్గర జబ్బుకు మేత. ఈ సంగతి తెలిసినవారెవరూ ఒక డబ్బాను చూపించి ఇంటిల్లిపాదికీ ఇదే వాడండి అనలేరు.

'సహజమైనదే కదా, మేలు చేయకపోతే పోయె, కీడేముంది?' అంటారు. ఎక్కువమందిని ఒప్పించే మాట ఇదే, కాబట్టి దీనికి గట్టి జవాబే చెప్పాలి. క్యారెట్లు, ఆకుకూరలు బాగా తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోందని ఒకప్పుడు గమనించారు. వాటిలోని బీటా కెరోటిన్‌ను విడదీసి మాత్రగా ఇస్తే ఇంకా మేలు కదా అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు, నాకైనా అలాగే తోచేది. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద ఏళ్లతరబడి పరీక్ష జరిగింది. మాత్ర మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో బయటపడింది. అమెరికాలో అలాంటిదే మరో పరీక్షలో ఆ పెరుగుదల 28 శాతం. దాన్ని 1996లో గడువుకు ముందే ఆపేశారు. ఆకుకూరలో ఉన్నప్పుడు మేలు చేసినట్టు కనిపించిన పదార్థం మాత్రలో కీడు చేసింది. పరీక్షే పెట్టకపోయి ఉంటే ఇవాళ్టికీ ఆ మాత్రను పొగతాగేవారికి రక్షగా అమ్ముతుండేవారు, మింగినవారిలో బతికి ఉన్నవాళ్లు దాని మహిమ చెబుతుండేవారు.

అనుభవ సాక్ష్యంలోని లోపం కూడా ఇదే. 'మా అత్తకు మోకాళ్ల నొప్పి తగ్గింది' అనే మనిషి అబద్ధం ఆడటం లేదు. మోకాలి నొప్పి స్వభావమే వచ్చిపోవడం. మనిషి మందుకోసం వెతికేది నొప్పి ముదిరినప్పుడు. ముదిరిన నొప్పి కొన్నాళ్లకు ఎటూ కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను ఆ నెలలో వాడిన డబ్బా తన ఖాతాలో వేసుకుంటుంది. తగ్గనివారు డబ్బా మూల పడేసి ఊరుకుంటారు, వాళ్ల మాట ఏ సమావేశంలోనూ వినిపించదు. పైగా బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న పల్లెలు ఈ సీమలో చాలా ఉన్నాయి. అక్కడ కీళ్లు బిగుసుకుపోతే విచారించవలసింది ముందు నీళ్ల సంగతి. ఆ నీళ్లే తాగుతూ డబ్బాలెన్ని ఖాళీ చేసినా కారణం కుండలోనే ఉంటుంది.

అలాగని ఇక్కడ లోటే లేదనడం అంతకన్నా పెద్ద తప్పు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. సగానికి పైగా! ఈ లోటుకు పరీక్షకు నిలిచిన మాత్ర ఉంది, అది ఊరికే ఇస్తున్నారు కూడా. గర్భిణికి రోజుకొక ఎర్ర మాత్ర చొప్పున 180 రోజులు, పదేళ్లు దాటిన బడిపిల్లలకు వారానికొక నీలం మాత్ర. ఇనుమూ ఫోలిక్ ఆమ్లమూ కలిసినవి అవి. నాకు బాధ కలిగించేది ఇక్కడే. వికారం పుడుతోందనీ, విరేచనం నల్లగా అవుతోందనీ ఆ మాత్రల అట్టలు గూట్లోనే ఉండిపోతాయి. ఇనుమూ, ఫోలిక్ ఆమ్లమూ, బి12 కలిపిన రేషన్ బియ్యంలో నీటిమీద తేలే గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ బియ్యమని ఏరిపారేస్తారు. అదే ఇంట్లో వేల రూపాయల డబ్బాకు అనుమానం ఎదురురాదు. ఊరికే వచ్చినదాని మీద సందేహం, డబ్బిచ్చి కొన్నదాని మీద భక్తి. అన్నం తిన్నాక మాత్ర వేసుకుంటే వికారం తగ్గుతుంది, వెంటనే టీ తాగకపోతే ఇనుము ఒంటికి పడుతుంది, కాస్త నిమ్మరసం తోడైతే ఇంకా బాగా పడుతుంది. ఈ రెండు ముక్కలు ఓపికగా చెప్పే మనుషులు డబ్బాలు అమ్మేవారంత మంది ఉంటే ఎంత బాగుండును!

'నేలలో సారం పోయింది, మన తిండిలో ఇప్పుడేముంది' అనేది మరో వాదన. ఇందులో కొంత నిజముంది. కానీ ఇక్కడ నేలకన్నా ముందు మారింది కంచం. వాన తక్కువైన ఈ నేలలో చెనిక్కాయ ఒక్కటే పంటగా పరుచుకుని కొర్రలను, సామలను పక్కకు నెట్టింది. చౌకబియ్యం వచ్చాక సంగటి కూడా తగ్గింది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే పాలలో ఉండేది 120 దరిదాపుల్లో. రాగుల్లోని కొన్ని పదార్థాలు ఆ కాల్షియమంతా ఒంటికి పట్టనివ్వవన్నదీ నిజమే, మొలకెత్తించి వాడితే ఆ అడ్డు కొంత తగ్గుతుంది. ఉలవల్లో, చెనిక్కాయల్లో ఐదోవంతుకు పైగా మాంసకృత్తులే. సంగటి, ఊరిబిండి, ఉలవచారు, మునగాకు కలిసిన కంచాన్ని వదిలేసి, ఆ కంచంలోని పోషకాలనే డబ్బాలో కొనుక్కోవడం నాకు న్యాయంగా తోచదు. తిండితో తీరని లోట్లూ ఉంటాయి. పాలు, గుడ్లు కూడా ముట్టని శాకాహారికి బి12 మాత్ర అవసరమే. రక్తం బాగా పడిపోయిన బాలింతను సంగటి ఒక్కటే గట్టెక్కించదు.

లోటు పూడ్చడానికీ జబ్బు నయం చేయడానికీ ఉన్న తేడాను చట్టం గుర్తించింది. 2016 నాటి నిబంధనల ప్రకారం ఇలాంటి డబ్బా మీద ఇది మందుగా వాడటానికి కాదని స్పష్టంగా రాయాలి. మధుమేహం, రక్తపోటు లాంటి జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలను 1954 చట్టమే నిషేధించింది. డబ్బా మీది ఆహార భద్రతా లైసెన్సు అంకె చూపించి ప్రభుత్వమే ఒప్పుకుందనేవారు ఉంటారు. ఆ అంకె తయారీదారుకు అనుమతి ఉందని చెబుతుంది, జబ్బు తగ్గుతుందని చెప్పదు. అయితే కాగితం మీద రాయనిది నోటితో చెప్పవచ్చు. గొలుసు అమ్మకానికి ఆ నోరే పెట్టుబడి. న్యూట్రిలైట్ పేరుతో సప్లిమెంట్లు అమ్మే ఆమ్‌వే మీద 2006లో మన రాష్ట్ర సీఐడీ కేసు పెట్టింది. ఆ అమ్మకపు పద్ధతి 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందికి వస్తుందని 2007లో హైకోర్టు అభిప్రాయపడింది. 2022లో ఈడీ ఆ సంస్థకు చెందిన 757 కోట్ల రూపాయల ఆస్తులను జప్తు చేసింది. ఇవి మాత్రల నాణ్యత మీద కేసులు కావు, పద్ధతి మీద కేసులు. నా వాదనకు కావలసింది ఆ పద్ధతే. కొన్నవారే అమ్మేవారైతే, లోటు ఉందా లేదా అని నిదానంగా చూసే మనిషి ఆ వరుసలో ఎక్కడా మిగలడు.

డాక్టర్లు మాత్రం అవసరం లేని టానిక్కులు రాయడం లేదా, సైన్సు మాత్రం మాట మార్చదా అని అడగవచ్చు. రాస్తారు, మారుస్తుంది. టానిక్కు రాసిన డాక్టరును కూడా ఏ లోటు, ఎంత అనే అడగండి. ఇక మాట మార్చడమంటే ఆ బీటా కెరోటిన్ పరీక్షల్లో జరిగినదే, తప్పని తేలినప్పుడు ఆ సంగతి బయటపెట్టారు, అమెరికాలోనైతే పరీక్షనే ఆపేశారు. డబ్బా అమ్మే అక్కా, నీ కష్టం అబద్ధమని నేననను, ఇంటి ఖర్చుకు నాలుగు రూపాయలు కావాలనే నువ్వు తిరుగుతున్నావు. కొనమని ఒత్తిడి చేసేముందు ఎదుటి మనిషి రక్తపరీక్ష కాగితం అడుగు. కొనేవారూ, చుట్టరికం చెడుతుందని భయపడి చెయ్యి చాచకండి. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి హిమోగ్లోబిన్ చూపించుకోండి. గర్భిణికి 11, మిగతా ఆడవాళ్లకు 12 గ్రాముల కన్నా తక్కువుంటే లోటు ఉన్నట్టు. ఆ పరీక్షకు అక్కడ డబ్బు తీసుకోరు.