తక్కెడ ఎవరి చేతిలో ఉంది?



ఊరి చివర నిన్నటిదాకా ఖాళీగా ఉన్న జాగాలో పెద్ద డబ్బా లాంటి భవనం లేస్తుంది. కొన్నాళ్ళకు దాని మీద రంగు బోర్డు వెలుగుతుంది. తెరిచిన రోజున పొద్దుటి నుంచే జనం బారులు తీరతారు, బండి పెట్టడానికి చోటు దొరకదు. ఈ మధ్య మన జిల్లా కేంద్రాల్లో ఈ దృశ్యం మీరూ చూసే ఉంటారు. మా ఊళ్ళోనూ అలాంటి చవక ధరల సూపర్ మార్కెట్ వచ్చింది. రాకముందు ఆర్నెల్ల నుంచీ బస్టాండులో, టీ కొట్టు దగ్గర, చివరికి విహారంలో వందనం ముగిశాక కూడా అదే ముచ్చట.

రిటైరైన ఒక టీచరమ్మ అన్నది: "నెలకు ఐదారు వందలు మిగిలినా నా బీపీ గోలీలకు వస్తాయి, రానీయండి."

ఆటో నడిపే తమ్ముడు అన్నాడు: "ఒక్కసారే మూడు వేలు పెట్టి సామాను తెచ్చుకునే రోజు నాకు ఎప్పుడొచ్చిందన్నా? అది జీతగాళ్ళ దుకాణం."

కాలేజీ చదివే అమ్మాయి అన్నది: "అక్కడ ఎవరి పిల్లవని అడగరు. నచ్చింది నా చేత్తో నేనే తీసుకుంటా."

ఒక పెద్దమనిషి మాత్రం తల అడ్డంగా ఊపాడు: "బయటోళ్ళు వచ్చి మన ఊరి పైసలు ఎత్తుకపోతరు."

నలుగురి మాటా నిజమే. ఒక్కొక్కరూ తాము నిలబడ్డ చోటి నుంచి చూసి చెప్పారు. మరి ధమ్మాన్ని నమ్ముకున్నవాళ్ళం మనం ఎక్కడ నిలబడాలి? చవక దొరికిన చోటికి పోవడం తప్పా? పోకపోవడం గొప్పా?

బుద్ధుడికి సంతతో ఏం పని?

కొందరు అంటారు, "బుద్ధుడు అన్నీ వదిలేసినాయన, ఉప్పు పప్పు సంగతి ఆయనకెందుకు?" అని. అది పొరపాటు. జ్ఞానోదయం తర్వాత ఆయనకు తొలి ఆహారం పెట్టిన తపుస్స, భల్లికలు వర్తకులు. జేతవనం కొని ఇచ్చిన అనాథపిండికుడు శ్రావస్తి నగరపు శ్రేష్ఠి. కొనడం అమ్మడం తెలిసిన మనుషుల మధ్యనే ధమ్మం నడిచింది.

కోలియుల పట్టణం కక్కరపత్తంలో దీఘజాణు అనే గృహస్థు బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. పెళ్ళాం పిల్లలతో బతుకుతున్నాం, గంధం పూసుకుంటాం, పూలు పెట్టుకుంటాం, డబ్బు ముట్టుకుంటాం, మా వంటివాళ్ళకు మేలు చేసే మాట చెప్పమని అడిగాడు. బుద్ధుడు ఇల్లు వదిలి రమ్మనలేదు. నాలుగు సంగతులు చెప్పాడు. కష్టపడి సంపాదించడం, సంపాదించింది కాపాడుకోవడం, మంచివాళ్ళతో స్నేహం, రాబడికి తగిన సమజీవితం. ఆ నాలుగో దానికి ఆయన చూపిన పోలిక తక్కెడ. తక్కెడ పట్టినవాడికి ఎటు ఎంత ఒరిగిందో తెలిసినట్టే, గృహస్థుకు తన రాబడి ఎంతో పోకడ ఎంతో తెలియాలి.

కాబట్టి టీచరమ్మ ఐదు వందలు మిగుల్చుకోవడం లోభం కాదు. అది ఆమె ధర్మమే. చవకగా కొన్నవాళ్ళను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. కడుపు నిండినవాడికి పది రూపాయలు కనిపించవు, లేనివాడికి కనిపిస్తాయి.

మేడిపండ్ల చెట్టు

అయితే అదే ఉపదేశంలో ఇంకో పోలిక ఉంది. రాబడి కొంచెమై, పోకడ పెద్దదైనవాడిని మేడిపండ్లు తినేవాడితో పోల్చాడు బుద్ధుడు. అట్టకథ దీన్ని వివరిస్తుంది. మేడిచెట్టును కుదిపితే పండ్లు కుప్పలుగా రాలతాయి, తినేవి నాలుగే, మిగిలినవి నేలపాలు.

ఇప్పుడు మీ నెల సామాను గుర్తు చేసుకోండి. కందిపప్పు, పల్లినూనె, సబ్బులు అని చీటీ రాసుకొని పోతారు. తోపుడు బండి చేతికిస్తారు. అది చాలా పెద్దది. నాలుగు వస్తువులు వేస్తే బోసిగా ఉంటుంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం. కన్ను చూసింది, మనసుకు హాయి అనిపించింది, చెయ్యి చాచింది. స్పర్శ, వేదన, తృష్ణ అని మనం ప్రతి పున్నమికీ చెప్పుకునే గొలుసు ఇదే కదా! దానికి పెద్ద ఉదాహరణలు వెతకనక్కరలేదు, బిస్కెట్ల అర ముందు నిలబడితే చాలు.

బిల్లు చివర "మీరు ఇంత ఆదా చేశారు" అని అచ్చు వేసి ఇస్తారు. ఆ అంకె ముద్రిత గరిష్ఠ ధరతో పోల్చి వేసిన లెక్క. మీరు ఇంటి దగ్గర నిజంగా ఎంత పెట్టి కొనేవారు, అసలు కొనేవారా కాదా అన్నది ఆ కాగితానికి తెలియదు. అది మీకే తెలియాలి. తక్కెడ దుకాణం చేతికి ఇచ్చి ఇంటికి రాకండి.

చవక ఎక్కడి నుంచి వచ్చింది?

కార్యం చూసినప్పుడు కారణం అడగడం మన పద్ధతి. చవక ఊరికే పుట్టదు. ఉదాహరణకు డీమార్ట్‌ను చూడండి. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలోని పవయ్‌లో తొలి దుకాణం తెరిచారు. 2017లో ఆ కంపెనీ షేర్ మార్కెట్‌కు వచ్చింది. దుకాణాల్లో ఎక్కువ భాగం సొంత భవనాలు, అందువల్ల అద్దె భారం తక్కువ. హంగులు తక్కువ. సరుకు ఇచ్చినవాళ్ళకు త్వరగా డబ్బు కట్టి, ఆ మేరకు ధర తగ్గించుకుంటారు. తక్కువ లాభానికి ఎక్కువ సరుకు అమ్ముతారు. ఇందులో దొంగతనం ఏమీ లేదు, వ్యాపారంలో తెలివి ఉంది.

కానీ ఏ పెద్ద దుకాణంలోనైనా ఇంకో కారణాన్ని కూడా చూడాలి. బిల్లు కొట్టే అమ్మాయి ఎన్ని గంటల నుంచి నిలబడి ఉంది? కూర్చోవడానికి స్టూలు ఉందా? ఇది చిన్న ప్రశ్న కాదు. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాల్సి వచ్చింది. సిగాల సూత్రంలో యజమాని బాధ్యతలు ఐదు చెప్పారు. శక్తికి తగిన పని ఇవ్వాలి, తిండీ జీతమూ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూడాలి, మంచి పదార్థాలు పంచుకోవాలి, వేళకు సెలవు ఇవ్వాలి. ఇవి పెద్ద దుకాణానికి ఎంతో, ఇద్దరు పిల్లలను పనిలో పెట్టుకున్న కిరాణం సేటుకూ అంతే.

అంధపురంలో ఇద్దరు వర్తకులు

చిన్న కొట్టు మంచిది, పెద్ద దుకాణం చెడ్డది అని తేల్చేయడం సులువు. జాతక కథ ఒకటి ఆ సులువును ఒప్పుకోదు. సేరివాణిజ జాతకంలో ఇద్దరు గంప వర్తకులు తేలవాహ నది దాటి అంధపురం అనే కొత్త నగరంలోకి వస్తారు. అది ఆంధ్రుల నగరమే అని చాలామంది పండితుల అభిప్రాయం. ఒక ఇంట్లో బతికి చెడిన ముసలమ్మ, ఆమె మనవరాలు. మసిపట్టిన పాత పళ్ళెం ఇచ్చి పిల్లకు ఏదైనా నగ ఇమ్మంటారు. మొదటివాడు సూదితో గీసి చూశాడు, బంగారమని తెలిసింది. తెలిసీ "అర కాసు కూడా చెయ్యదు" అని విసిరికొట్టి పోయాడు, తర్వాత ఊరికే కాజేద్దామని. రెండోవాడు వచ్చి "అమ్మా, ఇది లక్ష విలువ చేస్తుంది, అంత నా దగ్గర లేదు" అన్నాడు. దారి ఖర్చుకు ఎనిమిది కాసులూ, తన తక్కెడా సంచీ మాత్రం ఉంచుకొని, ఉన్న డబ్బూ సరుకూ మొత్తం ఇచ్చి వెళ్ళాడు.

ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే వ్యాపారం, ఒకే సైజు గంప. తేడా గంపలో లేదు, నోటిలో ఉంది. ఎదుటివాడికి తెలియనిది తనకు తెలిసినప్పుడు నిజం చెప్పాడా లేదా అన్నదే తేడా.

మా చిన్నప్పుడు పల్లెలో కిరాణం కొట్టు చిన్నదే. మా వాడవాళ్ళం కొట్టు గడప ఎక్కకూడదు. అమ్మ కొంగు పడితే పైనుంచి పప్పు వేసేవాడు, పైసలు అరుగు మీద పెట్టాలి. తూకం సరిగా లేదని అడిగే నోరు మాకు లేదు. దొంగ తూకం, దొంగ కొలత నుంచి దూరంగా ఉండడం శీలమని సూత్రాలు చెబుతాయి, ఆ కొట్టులో ఆ శీలం మా వాడ దాకా రాలేదు. అందుకే కాలేజీ అమ్మాయి "నా చేత్తో నేనే తీసుకుంటా" అన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ధర రాసి ఉన్న చోట మనిషిని బట్టి ధర మారదు. ఆ గౌరవాన్ని తక్కువ చేసి మాట్లాడే పాత ఊరి మీది మోజు మనకు వద్దు.

ఉద్దెర పుస్తకం

ఇక నా సొంత సంగతి చెప్పాలి. నేను ప్రైవేటు బడిలో పంతులును. 2020 లాక్‌డౌన్‌లో నాలుగు నెలలు జీతం రాలేదు. మా గల్లీ సేటు ఒక్క మాట అనకుండా ఉద్దెర ఇచ్చాడు. మెల్లమెల్లగా ఏడాదికి తీర్చేశాను.

కొత్త దుకాణం తెరిచిన వారం నేనూ పోయాను. రెండు సంచుల సామానుతో వస్తూ, సేటు కంట పడకుండా వెనుక గల్లీలో నుంచి ఇల్లు చేరాను. ఆ రాత్రి ధ్యానానికి కూర్చుంటే శ్వాస కన్నా ఆ వెనుక గల్లీయే ఎక్కువ కనిపించింది. తప్పు చేయకపోతే దాక్కోవడం ఎందుకు? లోకంలో అరుదైన మనుషులు ఇద్దరని బుద్ధుడు అన్నాడు: ముందుగా మేలు చేసేవాడు, చేసిన మేలు గుర్తుంచుకునేవాడు. పైసలు తీర్చాను గానీ మేలు తీరిందా?

మర్నాడు వెళ్ళి చెప్పేశాను. "సేటూ, నెల సామాను అక్కడ తెచ్చుకున్న. నీకు చెప్పలేక దొంగలెక్క పోయిన."

ఆయన నవ్వాడు. "నేను నూనె డబ్బాలు అక్కడే తెస్తున్న సారూ. హోల్‌సేల్ కంటే అగ్గువ పడుతుంది." కొంచెం ఆగి అన్నాడు: "నాకు భయం అది కాదు. నగదు ఇచ్చేటోళ్ళంతా అటు పోతే, ఇక్కడ మిగిలేది ఉద్దెర పుస్తకమే. నగదు రాకుండా ఉద్దెర ఎన్నాళ్ళు ఇస్తా?"

అప్పటిదాకా నాకు తట్టని మాట అది. ఆటో తమ్ముడి ఉద్దెర సేటు దయ ఒక్కదాని మీద నిలబడలేదు. మనం ఇచ్చే నగదు మీద కూడా నిలబడింది. నేను ఒక్కణ్ణి అటు నడిస్తే ఏమీ కాదు. నాలాంటి జీతగాళ్ళందరూ ఒకేసారి నడిస్తే, మేం ముఖం కూడా చూడని ఒక ఇంట్లో వర్షం పడ్డ రోజున బియ్యం రావు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది పోతే అది పోతుంది. ప్రతీత్య సముత్పాదం పుస్తకంలో చదివాను. అర్థమైంది మాత్రం కిరాణం కొట్టు అరుగు మీద.

ఏం చేద్దాం?

అందుకని పెద్ద దుకాణాన్ని వెలివేయమని నేను చెప్పను. మా ఇంట్లో చేసుకున్న ఏర్పాటు చెబుతాను. నూనె, సబ్బుల వంటివి రెండు నెలలకోసారి అక్కడ, చీటీలో ఉన్నవే. పాలు, పప్పు, ఉప్పు, రోజువారీ సామాను సేటు దగ్గర, నగదుకే. ఆదా అయినదాంట్లో కొంత పక్కన పెడుతున్నాం, చీటీలో లేనిది కొంటే ఆ నెల ఆదా లేదని రాసుకుంటున్నాం. బిల్లు కొట్టే అమ్మాయికి స్టూలు ఏదమ్మా అని మేనేజరు వినేలా అడుగుతున్నాం.

మీ ఇంటి ఏర్పాటు ఇంకోలా ఉండొచ్చు. టీచరమ్మది ఇంకోలా ఉండాలి కూడా. కానీ సంచి పట్టుకొని బయల్దేరేటప్పుడు గడప దగ్గర ఒక్క క్షణం ఆగండి. నాకు కావలసింది ఎంత? ఈ చవక ఖర్చు ఎవరు భరిస్తున్నారు? నేను కష్టంలో ఉన్నప్పుడు నాకు తోడు నిలిచింది ఎవరు? మూడింటికీ మీ జవాబు మీకు తెలిస్తే, ఏ దుకాణానికి పోయినా తక్కెడ మీ చేతిలోనే ఉంటుంది. వెనుక గల్లీలో నుంచి ఇంటికి రావలసిన పని ఉండదు.