పాత చొక్కా, కొత్త జట్టు

నెలకు 20 డాలర్లు. ఇంటి అద్దె, హీటింగు బిల్లు, ఊళ్లో అమ్మకు పంపే డబ్బు పోగా బేస్‌బాల్ కార్డుల కోసం నేను గీసుకున్న గీత అది. కెనడాలోని కాల్గరీకి వచ్చిన రెండో చలికాలంలో మొదలైంది ఈ ఇష్టం. ఆదివారం, బయట మైనస్ 25. కాస్త వెచ్చగా తిరగొచ్చని పాత సామాన్ల సంతకి వెళ్లాను. ఒక బల్లమీద పొడుగాటి అట్టపెట్టె, దాని నిండా కార్డులు. ఏది తీసుకున్నా పావు డాలరు.

ఆ పెట్టె ముందు కూర్చుంటే చిన్నప్పటి పనే మళ్లీ చేస్తున్నట్టనిపించింది. గుంటూరు జిల్లాలో మా ఊరి చుట్టూ పొగాకు బ్యారన్లు ఉండేవి. పిల్లలం దారిలో పారేసిన సిగరెట్టు పెట్టెలు ఏరుకుని, గీత గీసి, పలక రాయితో కొట్టి గెలుచుకునేవాళ్లం. చార్మినార్ ఎక్కడ పడితే అక్కడ దొరికేది, అందుకే దానికి లెక్క తక్కువ. కారులో పోయేవాళ్లు పారేసిన కొత్తరకం పెట్టె దొరికినవాడు ఆ పూటకి రాజు. బేస్‌బాల్ కార్డులూ తొలిరోజుల్లో సిగరెట్టు పెట్టెల్లోనే వచ్చేవని తర్వాత తెలిసింది. పెట్టె నలగకుండా లోపల పెట్టే అట్టముక్క మీద ఆటగాడి బొమ్మ వేసేవారు. 1909–11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ అలా ఇచ్చిన హోనస్ వాగ్నర్ బొమ్మకి ఇవాళ లక్షల డాలర్లు పలుకుతుంది.

ధర ఎంత చిత్రమైనదో మికీ మ్యాంటిల్ అనే ఆటగాడి కార్డు చెబుతుంది. 1952లో టాప్స్ కంపెనీ వేసిన ఆ కార్డుల్లో అమ్ముడుపోనివి ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్నాయి. 1960లో వాటిని పడవకెత్తించి సముద్రంలో పారబోయించానని ఆ కార్డుల రూపకర్త సై బెర్గరే చెప్పుకున్నాడు. 2022 ఆగస్టులో అదే మ్యాంటిల్ కార్డు ఒకటి వేలంలో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. మొదట వద్దనుకున్నదీ జనమే, తర్వాత ఎగబడిందీ జనమే. ఇందులో నా కంటికి పనేముంది? కొద్ది డబ్బుతో వెళ్లినప్పుడే ఆ పని పడుతుంది. రెండు వందల కార్డులు తిరగేసి, వెనకవైపు అంకెలు చదివి, ఒకటి తీసి ఒకటి పెట్టి, చివరికి ఎనిమిది తెచ్చుకుంటాను. ఆ ఎనిమిదీ ఎందుకు తెచ్చుకున్నానో నాకు తెలుసు.

మొదట్లో కాల్గరీ కేనన్స్ ఆటగాళ్లని వెతికాను. పెద్ద లీగుకి ఒక్క మెట్టు కింద, 1985 నుంచి 2002 దాకా ఫుట్‌హిల్స్ స్టేడియంలో ఆడిన జట్టు అది. ఎడ్గర్ మార్టినెజ్ ఇక్కడే 1988లో .363 బ్యాటింగు సగటుతో పసిఫిక్ కోస్ట్ లీగులో మొదటి స్థానంలో నిలిచాడు. సియాటిల్ జట్టులో స్థిరపడి 2019లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు. అతని కార్డు పావు డాలరు పెట్టెలో ఉండదు. అతని పక్కన కూర్చుని పెద్ద లీగు పిలుపు కోసం ఎదురుచూసినవాళ్లు ఉంటారు. ఇంజనీరింగు చదివి ఇక్కడి గోదాముల్లో పెట్టెలు మోసే మనవాళ్లని నేను రోజూ చూస్తాను. నేనూ రెండేళ్లు మోశాను. ఆ కార్డుల్లోని మొహాలు నాకు పరాయివి కావు.

అయినా నన్ను అన్నిటికంటే కదిలించింది ఒక ఓపీచీ కార్డు. ఒంటారియోలోని లండన్ ఊళ్లో ఉన్న ఆ కంపెనీ టాప్స్ బొమ్మల్నే లైసెన్సు మీద కెనడా కోసం అచ్చువేసేది. వెనకవైపు ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ ఉంటాయి. 1980ల నడుమ టాప్స్ సెట్టు 792 కార్డులైతే ఓపీచీది 396. అచ్చు కాస్త ఆలస్యంగా జరిగేది కాబట్టి ఈలోగా ఆటగాడు జట్టు మారితే, ఫొటో మార్చకుండా ముందువైపు చిన్న అక్షరాలతో ఒక ముక్క చేర్చేవారు: ఇప్పుడు ఫలానా జట్టులో.

నా దగ్గరున్న కార్డు మూల ఒకటి మడత పడింది, అట్ట వెనక రంగు మాసింది. మనిషి ఒంటిమీద పాత జట్టు చొక్కా ఉంది. బ్యాటు భుజాన వేసుకుని ఎటో పక్కకి చూస్తున్నాడు. పక్కన మాత్రం, ఇప్పుడు ఎక్స్‌పోస్ జట్టులో, అని ఉంది. తన బొమ్మ పక్కన ఆ ముక్క పడిందని అతనికి తెలుసో లేదో. నా పాస్‌పోర్టులో ఫొటో విజయవాడ స్టూడియోలో దిగింది. ఆ పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని కాల్గరీ చిరునామా రాసే ప్రతి ఫారం దగ్గరా నాకు ఈ కార్డు గుర్తొస్తుంది. ఆ ముక్కా అబద్ధం కాదు, ఆ చొక్కా అబద్ధం కాదు.

కెనడాలో ఏ సంతలోనైనా అలాంటి అట్టపెట్టె కనిపిస్తే కాసేపు కూర్చోండి. ఓపీచీ కార్డు చేతికి వస్తే బొమ్మ చూసి పక్కన పెట్టేయకండి. ముందువైపు చిన్న అక్షరాలు కూడా చదవండి.