నలుగురికీ వదిలిన ఇల్లు

నివాసం కోసం కట్టుకున్న ఇంటిని లోకానికి అప్పగించినప్పుడు అది ఎవరి సొత్తవుతుంది, శిథిలమైతే బాగుచేసేవారు ఎవరికి బాధ్యులు అన్న విచారణ ధర్మశాస్త్రాలకు కొత్తది కాదు. శాస్త్రకారుల మతంలో దానమంటే, దాత తన స్వత్వాన్ని, అనగా వస్తువుపై తనకున్న హక్కును విడిచి, పుచ్చుకునే వ్యక్తికి ఆ హక్కు కలిగించడం. చెరువు, బావి, తోట వంటివాటికి అలా పుచ్చుకునే వ్యక్తి ఒక్కడంటూ ఉండడు కనుక, సర్వప్రాణుల కోసం హక్కు వదులుకునే ఆ క్రియకు ఉత్సర్గమని వేరే పేరు పెట్టారు. తవ్వించినవాడు కూడా ఆ చెరువు నీళ్లు తాగవచ్చు గాని, యజమానిగా కాక అందరిలో ఒకడిగా మాత్రమే తాగాలి. ఇస్లామీయ ధర్మశాస్త్రంలోనూ ఇలాంటి భావన ఉంది: హనఫీ శాఖ న్యాయవేత్తలలో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం వక్ఫ్ చేసిన, అంటే ధర్మకార్యానికి శాశ్వతంగా అంకితం చేసిన, ఆస్తి దైవానికి చెంది, అమ్మకానికీ వారసత్వానికీ అతీతమై, ఫలం మాత్రం మనుషులకు అందిస్తుంది. ఈ రెండు ధర్మాలూ పక్కపక్కనే బతికిన నగరం హైదరాబాదు.

కాచిగూడ నుంచి సుల్తాన్‌బజార్, కోఠి మీదుగా అబిడ్స్, నాంపల్లి వైపు సాగే దారిలో ఈ విచారణకు తగిన ఇళ్లు ఒకటికి మించి ఉన్నాయి. బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ 1949 నుంచి మహిళల విద్యాస్థానం. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయమనే గ్రంథాలయం 1901లో మొదలైనది రావిచెట్టు రంగారావు సొంత ఇంట్లోనే. అయితే ప్రశ్న అన్నిటికన్నా తీవ్రంగా ఎదురయ్యేది నాంపల్లి మార్గంలోని గోల్డెన్ థ్రెషోల్డ్ దగ్గర. నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ చట్టోపాధ్యాయ నివసించిన ఈ ఇంటికి, ఆయన కుమార్తె సరోజినీ నాయుడు 1905లో వెలువరించిన తొలి కవితాసంపుటి పేరే నిలిచింది. తెలుగువారు చెప్పుకునే సప్తసంతానాలలో, అంటే మనిషి తన తరువాత నిలిపిపోయే ఏడింటిలో, కృతి ఉంది, చెరువు ఉంది, వనం ఉంది గాని సొంత ఇల్లు లేదు. సరోజిని కుమార్తె పద్మజా నాయుడు ఈ ఇంటిని హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఇవ్వడంతో ఆ ఇల్లు కూడా ఆ వరుసలో చేరదగినదయింది. 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం తొలి అడుగులు వేసింది ఇక్కడే; 1988లో సరోజినీ నాయుడు పేరిట కళల విభాగం, 2012లో రంగస్థలాన్ని ప్రజలకు చేరువ చేసే థియేటర్ ఔట్‌రీచ్ యూనిట్ ఇక్కడ మొదలయ్యాయి.

రూపంలో ఇది దానమే, ఎందుకంటే పుచ్చుకున్న సంస్థ ఒకటుంది. స్ఫూర్తిలో మాత్రం ఉత్సర్గమనే చెప్పాలి. అందువల్ల జీర్ణోద్ధరణ, అనగా శిథిలమైనదాన్ని తిరిగి నిలబెట్టడం, కేవలం ఇంజనీర్ల పని కాజాలదు. అవయవాలకు భిన్నంగా అవయవి, అంటే భాగాల నుంచి పుట్టే సమగ్రవస్తువు, ఉన్నదనే నైయాయికుల, అంటే తర్కశాస్త్రకారుల, లెక్కన భాగాలు మారితే పాత వస్తువు పోయి కొత్తది పుడుతుంది. ఆ కఠినమైన న్యాయాన్ని అనుసరిస్తే, దూలం మార్చిన ప్రతి ఇల్లూ వేరే ఇల్లే. ఇంటి ఉనికిని సున్నంలోనూ కలపలోనూ వెదకడం నిష్ఫలమని దీనివల్ల తేలుతుంది. యజ్ఞవిధులను విచారించిన మీమాంసకులు చూపిన దారి ఇక్కడ ఎక్కువ ఉపకరిస్తుంది. యజ్ఞద్రవ్యం పాడైతే దానికి ప్రతినిధిని, అంటే వీలైనంత సదృశమైన మరో ద్రవ్యాన్ని, వాడవచ్చునని వారు అంగీకరించారు. కాని స్వామికి, అనగా ఎవరి ఫలం కోసం యజ్ఞం జరుగుతున్నదో ఆ కర్తకు, ప్రతినిధి లేడని తేల్చారు.

ఈ సూత్రం పాత ఇళ్లకు అక్షరాలా వర్తిస్తుంది. గోడ పెళ్లలూడితే డంగు సున్నమే పూయాలి, ఎందుకంటే అది పాతదానికి సదృశం, గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు ఆ తేమను లోపలే బంధించి ఇటుకను కొరికేస్తుంది. ద్రవ్యం విషయంలో ఇంత జాగ్రత్త అవసరమే, దానిని తక్కువ చేయరాదు. అయినా గోడలన్నీ యథాతథంగా నిలబెట్టి, గేటుకు తాళం వేసి, అతిథులకూ అధికారులకూ మాత్రమే తలుపు తెరిస్తే, మార్చకూడని స్వామినే మార్చినట్లవుతుంది. ఆ ఇంటి స్వామి నాంపల్లి స్టేషన్‌లో దిగి నడిచివచ్చే విద్యార్థి, సాయంత్రం నాటకం చూడవచ్చే గుమాస్తా, ఏ సిఫారసూ లేని బాటసారి. బాగుచేసే ప్రణాళిక ఏదైనా మొదట రాసుకోవలసింది సున్నం పాళ్లు కాదు, ఈ మనుషులకు తలుపు ఏ రోజుల్లో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందన్నది; ఆ వేళలను గేటు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించి పాటించవలసిన బాధ్యత ఇంటిని పుచ్చుకున్నవారిదే.