మందగమనము – లోకనింద

నింద రెండు విధములుగా వచ్చును. తప్పు చేసినందులకు వచ్చునది ఒకటి; తప్పేమియు లేకున్నను, చేయు పని తక్కువగా చేయుచున్నాడని వచ్చునది మరియొకటి. మొదటిదానికి ప్రాయశ్చిత్తము కలదు. రెండవదానికి ఏమి చేయవలెనో పెద్దల నడుగుటకు కూడ మనుష్యుడు సిగ్గుపడును. అంత చిన్న విషయమది. కాని ఒక మంచి పనిని నడుమ మాన్పించుటకు ఆ చిన్న విషయమే చాలును.

ఎమ్మిగనూరులో మగ్గమును నమ్ముకొని బ్రతుకు గృహస్థు నొకని తలచుకొందము. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పి పేరు తెచ్చిన ఊరది. మన గృహస్థునకు ఏబది యేండ్లు దాటినవి. పగలంతయు గుంటమగ్గములో కూర్చుండువానికి చేతులు ఆడును, పాదములు ఆడును. గుండెకు మాత్రము పని తక్కువ. మధుమేహము వచ్చినదని వైద్యుడు చెప్పి, ప్రతి ఉదయము కొంతసేపు మెల్లగా పరుగెత్తుమనెను. అతడు తెల్లవారకముందే లేచి ఆదోని బాటను పట్టి పరుగెత్తసాగెను. పరుగనుట కూడ మర్యాదకే. పాలక్యానులు కట్టుకొని పోవు సైకిలు అతనిని దాటి, మలుపు తిరిగి, కనుమరుగైపోవుచుండెను.

ఒకనాడు టీకొట్టు కడ నిలిచిన కుర్రవాండ్రలో ఒకడు, "ఏం చిన్నాయనా, ఉరుకుతాండావా, నడుచ్చాండావా?" అని అడిగెను. తక్కినవారు నవ్విరి. అందులో ద్వేషమేమియు లేదు. పలుకరించుట ఎంతయో ఎగతాళియు అంతయే. అయినను మరునాడు అతడు వేరొక దారిని పోయెను. మూడవనాడు చినుకులు పడుచున్నవనెను. ఆపై నాలుగు మాసములు అతని బూట్లు మంచము క్రిందనే యుండెను. రక్తములో చక్కెర మాత్రము తన దారిని తాను పెరుగుచుండెను.

ఆ మాటలో అంతగా గుచ్చుకొన్నదేమి? మాట నిజమే. అతడు నిదానముగానే పోవుచుండెను. ఉన్న సంగతిని ఒకరు చెప్పినంత మాత్రమున గాయమేల కావలెను? గీతలో పండ్రెండవ అధ్యాయమున భగవానుడు తనకు ప్రియుడైన భక్తుని లక్షణములను చెప్పుచు, నిందను స్తుతిని సమముగా చూచుటను వానిలో చేర్చెను. మనము సాధారణముగా ఇందులో నిందనే పట్టుకొని, ఓర్చుకొమ్మని స్వామి చెప్పెనని అనుకొందుము. స్తుతిని విడుతుము. కాని ఆ రెండును పడుగు పేకల వంటివి. పేకను లాగివేసి పడుగుతోనే బట్టను నిలుపగలవాడు ఎమ్మిగనూరులో కూడ లేడు. ఈ వయస్సులోను పరుగెత్తుచున్నాడని నలుగురు మెచ్చుకొనవలెనని మన గృహస్థునకు లోలోపల ఒక కోరిక యుండెను. అది తనకు కలదని అతడు ఎరుగడు. మెప్పు కొరకు చాచిన చేతిలో ఎగతాళి పడినది. నొప్పి అచటనే పుట్టినది.

భగవద్రామానుజుల సిద్ధాంతమున ఈ దేహము జీవునకు శరీరమైనట్లే జీవుడు పరమాత్మకు శరీరము. జీవుడు శేషుడు, స్వామి శేషి. దేహమును ఆరోగ్యముగా ఉంచుకొనుట ఆ దృష్టితో చూచినచో కైంకర్యమునకు చేరువైన పనియే. వంటశాలలో పాత్రలు తోముచున్న పరిచారకునితో ఒకడు, "నీకంటె వేగముగా తోమువారు కలరు" అనిన, అతడు బాధపడుట ఎందులకు? "అడుగున మసి మిగిలినది" అనిన మాత్రము వంగి చూడవలెను. ఆ మాటను కఠినముగా చెప్పినను, చెప్పినవాడు గిట్టనివాడైనను చూడవలెను. పరుగు విషయమును ఇంతే. "మడమను దబదబ వేయుచున్నావు, మోకాలు చెడును" అని ఒక వృద్ధుడు కసరినచో అది వినదగిన మాట. పని బాగుపడుటకు పనికివచ్చును. "నిదానముగా పోవుచున్నావు" అనుట పనిని అంటదు, అహంకారమునే అంటును.

వైద్యశాస్త్రమైనను వేగమును శాసించుట లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలలో పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యస్థ శ్రమ చాలునని కలదు. మధ్యస్థమనగా, శ్రమపడుచునే మాటలాడగలిగినంత. మన భాషలో చెప్పవలెనన్న, గోవిందనామము తెగకుండ పలుకగలిగినంత వేగము. మెట్ల దారిని కొండ నెక్కు యాత్రికులకు ఈ కొలత ఎవరును నేర్పనక్కరలేదు.

ఆ ప్రాంతమునకు చేరువనే తుంగభద్రాతీరమున మంత్రాలయము కలదు. అచటి మధ్వసంప్రదాయము తారతమ్యమును ముక్తియందును అంగీకరించును. కడవ నిండినను గిన్నె నిండినను నిండుట నిండుటయే. కడవను చూచి గిన్నె ఏడ్వదు. సిద్ధాంతభేదముల చర్చ ఇచట అప్రస్తుతము. కాని ముక్తులకే కొలతలు వేరైనపుడు, ఆదోని బాటపై ఇరువది యేండ్లవానికిని ఏబది యేండ్లవానికిని ఒకే కొలత ఎట్లు కుదురును?

1671లో బృందావన ప్రవేశము చేసిన శ్రీ రాఘవేంద్రస్వాములవారి చరిత్రలో ఆదోని వెంకన్న గాథ కలదు. వెంకన్న అక్షరము రాని పసులకాపరి. కష్టకాలమున తన్ను తలచుకొమ్మని స్వామి అతనిని ఆశీర్వదించిరి. ఆదోని పాలకుడు ఆ దారిని పోవుచు, తనకు వచ్చిన లేఖను చదువుమని వెంకన్న కిచ్చెను. తనకు చదువు రాదని వెంకన్న చెప్పెను. పాలకుడు నమ్మక మండిపడెను. వెంకన్న స్వామిని తలచెను, లేఖ చదువబడెను, అతడు దివానయ్యెను. కథ చెప్పువారందరును దివాను పదవి కడకు త్వరపడుదురు. అంతకు ముందున్న ఒక్క మాటను దాటిపోవుదురు. ప్రాణము తీయగలవాని యెదుట వెంకన్న "నాకు రాదు" అనెను. లేనిదానిని ఉన్నట్లు చూపలేదు. ఉన్నదున్నట్లు ఒప్పుకొన్నవానిని దానితోనే ఎగతాళి చేయుట కష్టము. టీకొట్టు ప్రశ్నకు మన గృహస్థు నవ్వి, "నడకకు కొంచెం ఎక్కువ, ఉరుకుడుకు కొంచెం తక్కువ నాయనా" అనియుండిన, ఆ మాట అచటనే ఆరిపోయెడిది.

1968లో మెక్సికో ఒలింపిక్సులో టాంజానియా దేశీయుడు జాన్ స్టీఫెన్ అక్వారి మారథాన్ పరుగున క్రిందపడి మోకాలికి గాయమైనను కట్టు కట్టుకొని సాగెను. విజేత చేరిన గంటకు పైగా గడచిన పిమ్మట, చీకటి పడిన వేళ, చివరివాడై గమ్యమును చేరెను. ఆ పందెమున ముందు చేరిన పలువురి పేర్లను లోకము మరచినది. అక్వారి పేరును మరువలేదు. అయినను ఈ ఉదాహరణమును మితముగానే వాడుకొనవలెను. నిదానము వలన కీర్తి వచ్చునని ఆశించువాడు మరల స్తుతి కొరకే చేయి చాచినట్లగును.

మన గృహస్థునకు తుదకు కనువిప్పు కలిగించినది గ్రంథము కాదు, ఒక జ్ఞాపకము. ఇరువదియైదేండ్ల ప్రాయమున అతడు మిత్రులతో అలిపిరి నుండి 3,550 మెట్లను పందెము వేసికొని ఎక్కెను. మోకాళ్ల మెట్టు కడ ఒక వృద్ధురాలు మెట్టుమెట్టునకు చేయి ఆనించి ఎక్కుచు దారికి అడ్డమైనది. "ఎక్కలేనిదానివి బస్సులో రాకూడదా అవ్వా?" అని అతడనెను. మిత్రులు నవ్విరి. ఆమె ఏమియు అనలేదు. గోవిందా అని పైమెట్టుకు చేయి చాచినది. ముప్పది యేండ్ల తరువాత, మంచము క్రింద బూట్లను చూచుచు, అతనికి ఆ చేయి కనబడెను.

మరునాడు అతడు ఆదోని బాటనే పట్టెను. ఆ సంవత్సరమే కుటుంబముతో తిరుమలకు నడచి వెళ్లెను. మోకాళ్ల మెట్టు కడ వెనుక నుండి కుర్రవాండ్ర అడుగుల చప్పుడు వినబడగా, అతడు గోడవైపునకు ఒదిగి వారికి దారి ఇచ్చెను.