మొత్తం ఎంత?

జనగామ

అల్లుడా,

రాత్రి పదకొండు దాటినంక నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున పాలు తెచ్చుకుని వచ్చినంక చూసిన. 'నలభై వేలు సర్దు మామా, రెండు నెలల్లో ఇస్త, అమ్మకు మాత్రం చెప్పకు' అని రాసినవు. నలభై వేల సంగతి చివర్లో చెప్త. ఆ ఆఖరి మాటే నన్ను పట్టుకుని ఇడుస్తలేదు. ఫోన్లో మాట్లాడితే 'ఆఁ మామా, సరే మామా' అని పెట్టేస్తవు. కాగితమైతే నీ దగ్గర ఉంటది, మళ్ల చదువుకుంటవు. అందుకే రాస్తున్న.

నీకు ఎన్నడూ చెప్పని ముచ్చట ఒకటి ఉన్నది. 1997 చివర, 98 మొదట్లో మన పాత వరంగల్ జిల్లా పత్తి రైతుల చావులతో పేపర్లకెక్కింది. పురుగు చేన్ల మీద పడితే ఎన్ని మందులు కొట్టినా చావలేదు. మందు దుకాణమాయనే ఉద్దెర ఇచ్చేది, ఆయనే పత్తి కొనేది, బాకీ పుస్తకం కూడ ఆయన దగ్గరే. మా ఊర్లో నాతోటి చదువుకున్న దోస్తు ఒకాయన ఆ సంక్రాంతికి మా ఇంటికి వచ్చిండు. అరుగు మీద కూసుండి, తువ్వాల కొసను వేలికి చుట్టుకుంట, విప్పుకుంట, ఐదు వేలు అడిగిండు. ఇచ్చిన. ఇచ్చి, 'అప్పులతోటి జాగ్రత్తరా' అని నీతి కూడ చెప్పిన. తలకాయ ఊపి పోయిండు. మొత్తం ఎంత ఉన్నదిరా అని నేను అడగలే.

నెల తిరగకముందే ఆయన పోయిండు. పదకొండో దినం నాడు పందిట్లోకి ఒక్కొక్కరు వచ్చి జేబులకెల్లి కాగితాలు తీసిండ్రు. తొమ్మిది మంది. ఆయన భార్యకు తెలిసినవి అందులో రెండే. ఒక్కో కాగితం కింద రెవెన్యూ స్టాంపు మీది సంతకం చూపిస్తుంటే ఆమె 'ఆయనదే', 'ఆయనదే' అనుకుంట కూసున్నది. పంతుల్ని కదా అని లెక్క రాసే పని నాకు అప్పజెప్పిండ్రు. అన్నీ వేసి, కింద గీత గీసి కూడితే, ఉన్న మూడెకరాల్లో ఒక ఎకరం అమ్మితే మిత్తితో సహా తీరేటంత అయింది. పిల్లలకు కూడికలు నేర్పి బతికినోణ్ని నేను. ఆ కూడిక నెల ముందు మా అరుగు మీద చేసి ఉంటే పది నిమిషాల పని. ఇరవై ఏండ్లు దాటినా ఆ గీత కింది అంకె నాకు నోటికి ఉన్నది.

అందుకే నీ మెసేజ్‌లో నాకు నలభై వేలు కనపడలే. 'అమ్మకు చెప్పకు' అన్నదే కనపడ్డది.

అప్పు చేసుడే పాపమని నేను అనను. సుమతీ శతకంలో ఎటువంటి ఊర్లో ఉండాలో చెప్పే పద్యం నీకు నేనే నేర్పిన. అందులో అప్పు ఇచ్చేవాడిది మొదటి చోటు, వైద్యుడు కూడ ఆయన తర్వాతే. ఇత్తనాలకు, బర్రెకు, చదువుకు, దవాఖానకు అప్పు లేకుండ మన దిక్కు ఏ ఇల్లు గడిచింది? ఇదే నేల మీద అప్పు మనుషులను కొన్నది కూడ నిజమే. మా తాతల కాలంలో నాట్లప్పుడు గడిలకెల్లి ధాన్యం నాగుకు తెచ్చుకుంటే, పంటకు సగం కలిపి కొలిచియ్యాలె, కొన్ని ఊర్లలో రెండింతలు. తీరకపోతే మనిషే పోయి భగేలా కింద జీతం ఉండాలె, ఆయన తర్వాత కొడుకు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం చేసినప్పుడు దేశంలోని వెట్టి పేర్లన్నీ వరుసగ రాసిండ్రు. అందులో 'భగేలా' ఉన్నది, 'జీత' ఉన్నది. ఇవి మన ఇండ్లలో నలిగిన మాటలు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపినంక గడిల మీద పోరాటం ఊరూరికి పాకింది. ఆ పోరాటం నడిపిన సంఘం బలపడ్డ చోటల్లా అప్పు పత్రాలు తెచ్చి మంటలో వేసిండ్రు. మా తాత బొటనవేలి ముద్ర ఉన్న కాగితం కూడ అట్లనే కాలిందని మా నాయన చెప్పేటోడు. ఆ మంట చుట్టూ నిలబడ్డోళ్లలో ఒక్కరూ సిగ్గుపడలేదట. ఎవరి బాకీ ఎన్ని కుంచాలో ఊరందరికీ ఎరుకే. అది అన్యాయపు మిత్తి అని ఊరంతా ఒక్క మాట మీద ఉన్నది. మరి ఆ మనుమలం మనం, ఇప్పుడు ఫోన్ స్క్రీన్‌ను కూడ ఇంట్లోళ్లకు కనపడకుండ తిప్పుకుంటున్నం.

2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతట రైతు కుటుంబాల మీద సర్వే చేసింది. తెలంగాణలో నూటికి 91కి పైగా కుటుంబాలు అప్పులో ఉన్నయని తేలింది. దేశం మొత్తం తీసుకుంటే 50. మన దగ్గర సగటున ఒక్కో ఇంటికి లక్షా 52 వేలు. అంటే పదిండ్లలో తొమ్మిదిండ్లు. ఎవరికి తెలవద్దని దాస్తున్నమో చెప్పు. అటు ఇంటోళ్లకు తెలవద్దని ఇటు ఇంటోళ్లు, ఇటు ఇంటోళ్లకు తెలవద్దని అటు ఇంటోళ్లు.

ఇక మీ అక్క పెండ్లి ముచ్చట. జనగామలో ఆ పెద్ద ఫంక్షన్ హాలే ఉండాలని పట్టుబట్టినోళ్లలో నేనూ ఉన్న. 'మేనమామను నేనున్న, ఘనంగ చెయ్యాలె' అని నలుగురిలో అన్న. పై ఖర్చంతా నువ్వు పర్సనల్ లోన్ తీసి పెట్టినవని నాకు తర్వాత ఎరుకైంది. ఆ రోజు తిన్న వెయ్యి మందిమి 'బాగ చేసిండ్రు' అన్నమే గాని, ఎట్ల చేసిండ్రని ఒక్కరమూ అడగలే. అదే మీ అమ్మ ఇంటి ముందు పందిరేసి రెండు వందల మందికి పెట్టి ఉంటే, ఆ వెయ్యి మందిమే ఏమని ఉందుమో నీకు తెలుసు. అప్పు చేసినోణ్ని తిట్టే సామెతలు మనకు చాన ఉన్నయి. అప్పు చేసేదాక వెంటపడ్డోళ్లను తిట్టే సామెత నాకైతే ఒక్కటీ గుర్తొస్తలేదు. నీ అప్పులో నాకూ పాలున్నదని ఒప్పుకునే ఈ ఉత్తరం రాస్తున్న.

రిజర్వ్ బ్యాంకు 2025 జూన్ నివేదికలో ఒక లెక్క ఉన్నది. మన దేశంలో కుటుంబాల మీద ఉన్న అప్పుల్లో సగానికి పైగా, నూటికి 55 దాకా, ఇల్లు కట్టుకోను కాకుండ తీసుకున్న రిటైల్ లోన్లు. ఎక్కువ భాగం వాడుకోను, ఖర్చు పెట్టుకోను తీసుకున్నవి. ఇల్లు కట్టిన అప్పుకు ఇల్లు మిగుల్తది. పోయిన దసరాకు ఈఎంఐ మీద కొన్న ఫోన్‌కు ఇప్పుడు ఏం మిగిలిందో నువ్వే చూడు.

మహబూబాబాద్ దిక్కు ఒక తండాలో ఆరేండ్లు బడి చెప్పిన. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలోకి దూరి తోటలకు తోటలే పోయినప్పుడు, అక్కడ నా దగ్గర చదువుకున్న పిల్లగాడు ఒకడు కౌలు రైతుగ మునిగిపోయిండు. పట్టా ఇంకొకరిది, పాస్‌బుక్కు ఇంకొకరిది, అందుకని బ్యాంకు ఈయనకు పంట అప్పు ఇయ్యలే. అడ్తిదారు దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిండు, భార్య పుస్తెలతాడు కుదువ పెట్టిండు. 2024 జూలై, ఆగస్టులో రెండు లక్షల దాకా పంట రుణాలు మాఫీ అయినయి. ఈయన అప్పు ఏ బ్యాంకు పుస్తకంలోనూ లేదు, ఒక్క రూపాయి తగ్గలే. అయినా ఆ మనిషి ఇయ్యాల బతికి ఉన్నడు. ఎట్ల అంటే, తోట ఎండిన వారానికే తల్లిదండ్రులను, అన్నదమ్ములను, భార్యను కూసోబెట్టి మొత్తం అంకె చెప్పిండు. వాళ్ల నాయన మొదలు తిట్టిండట, తర్వాత ఏడ్చిండట, తెల్లారి లేచి ఎడ్లను తోలుకుని అంగడికి పోయిండట. ఇంకా కడ్తనే ఉన్నరు. నలుగురు కడ్తున్నరు.

భూపాలపల్లిలో చూసిన దాన్ని కూడ చెప్త. సింగరేణి జీతాలు పడే రోజు ఏటీఎం ముందు మిత్తికి ఇచ్చే ఒకాయన చేతిలో రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట. ఒక్కో కార్డుకు చిన్న చీటీ అంటించి ఉన్నది, చీటీ మీద నాలుగు అంకెలు. ఒకటి పెడ్తడు, పైసలు తీస్తడు, చీటీ మీద టిక్కు కొడ్తడు, ఇంకొకటి పెడ్తడు. బయట మెట్టు మీద నా బడి పిల్లగాని తండ్రి, షిఫ్టు దిగి వచ్చినోడు, టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టుకుని కూసున్నడు. తన జీతంల నుంచి తనకు ఎంత ఇస్తరో అని ఎదురుచూస్తున్నడు. భూమి లోపలికి దిగి బొగ్గు తీసే మనిషి, మంచి జీతగాడు. ఏటేటా లాభాల్లో వాటా వస్తది, 2024లో అయితే సగటున లక్షా 90 వేలు వచ్చింది. కార్డు ఎక్కడున్నదో ఇంట్లో తెల్వదు. జీతమంతా తాగుతున్నడని భార్య బడికి వచ్చి నా ముందట ఏడ్చింది. ఆయన తాగడు. తాగుబోతు అనిపించుకోను ఒప్పుకున్నడు గాని, అప్పున్నదని చెప్పను ఒప్పుకోలే. అప్పు మనిషిని ఎంత దూరం తీసుకపోతదో ఆ రోజు చూసిన.

ఇంతకూ నువ్వు చెప్పొద్దంటున్నది ఎవరికి? మీ అమ్మ పదిహేనేండ్లు మహిళా సంఘం పుస్తకం రాసింది. మీటింగ్ అయిన ప్రతిసారి పది మంది ముందట ఎవరు ఎంత తీసుకున్నరు, ఎంత కట్టిండ్రు, ఎంత మిగిలిందని పైకి చదివేది. ఆ చదువుడులో ఎవరి ఇజ్జతూ పోలే. పైగా ఒకామె బర్రె చచ్చిపోతే కిస్తు రెండు నెలలు ఆపుదామని వాళ్లే తీర్మానం చేసుకున్నరు. అదే పైకి చదివే లెక్కను మైక్రోఫైనాన్స్ వాళ్లు ఎట్ల వాడుకున్నరో కూడ మీ అమ్మ చూసింది. కట్టలేని ఆడమనిషి ఇంటి ముందట తోటి ఆడోళ్లనే కూసోబెట్టిండ్రు. ఆఖరుకు 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, కిస్తులు ఇండ్ల మీదికి పోయి కాదు, గ్రామ పంచాయతీ ఆఫీసు దగ్గర నెలకొక్కసారి వసూలు చేసుకోమన్నది. అప్పు గురించి మాట్లాడుకునుడు వేరు, అప్పు పేరు మీద మనిషిని బజారుకు ఈడ్చుడు వేరు. ఆ తేడా మీ అమ్మకు తెలిసినంత నాకు కూడ తెల్వదు.

ఇంకొక మాట అడుగుత, నిజం చెప్పు. నలభై వేలు ఏదన్న యాప్‌కు కట్టను కాదు గదా? 2020లో హైదరాబాద్‌లో ప్రాణాలు తీసిన యాప్‌ల లెక్క చెప్త. ఐదు వేలు అప్పు అంటరు, చార్జీలని కోసుకుని మూడున్నర వేలు చేతిలో పెడ్తరు, ఏడో రోజుకు ఐదు వేలు కట్టమంటరు. మూడున్నర వేల మీద వారానికి పదిహేను వందలు. నూటికి 43 రూపాయల మిత్తి, అదీ వారానికి. అడ్తిదారు నెలకు మూడు రూపాయలంటేనే మనం గుండె పట్టుకుంటం. అటువంటిది ఏదన్న ఉంటే దాని కోసం ఇంకొక అప్పు తేకు. ఫోన్లో ఉన్న నంబర్లు, ఫోటోలు యాప్‌లు ముట్టుకోవద్దని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. బ్యాంకు మనిషైనా ఫైనాన్స్ మనిషైనా పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటినంక వసూలుకు ఫోన్ చెయ్యొద్దన్నది. బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి చెయ్యి, మెసేజ్‌లు చెరిపెయ్యకు, అవే సాక్ష్యం. రాత్రి మనసు ఆగకపోతే 14416 అని సర్కారు నంబరు ఉన్నది, వాళ్లతో మాట్లాడు. దానికంటే ముందు నాకు చెయ్యి. ఎన్ని గంటలైనా సరే, ఎత్తుత.

ఆదివారం ఉప్పల్‌లో పొద్దుగాల బస్సెక్కి రా. బైక్ కాగితాలు, లోన్ కాగితాలు, క్రెడిట్ కార్డు బిల్లులు, ఎవరెవరికి చేబదులు ఉన్నయో ఆ పేర్లు, ఏదీ ఇడిసిపెట్టకుండ తీసుకరా. నలభై వేలు తీసి పెట్టిన, అవి నీవే. కానీ ముందుగాల లెక్క చూసి, మిత్తి ఎక్కువున్న దానికి కడ్దం. మీ అమ్మను కూడ ఆదివారం ఇంటికి రమ్మన్న. ఎందుకో చెప్పలే. అది నువ్వు చెప్పాలె. నేను పక్కన కూసుంట.

నిన్న సాయంత్రం బజారుకు పోయి రెండు వందల పేజీల నోట్‌బుక్ కొనుక్కొచ్చిన. మొదటి పేజీలో నాది రాసిన. రెండేండ్ల కింద ఇంటి స్లాబు బాగు చెయ్యను దోస్తు దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి లక్షా ఎనభై వేలు తెచ్చిన. పింఛన్ల నుంచి కట్టుకుంట వస్తున్న, ఇంకా లక్షా పది వేలు ఉన్నది. మీ అత్తకు తెల్వదు. తెల్వకుండె. రాత్రి అన్నం తిన్నంక నోట్‌బుక్ ఆమె ముందట పెట్టిన. అద్దాలు తెచ్చుకుని చదివింది. చాన సేపు మాట్లాడలే. తర్వాత, కింద ఇంకేమన్న ఉన్నదా, ఇంతేనా అని అడిగింది. ఇంతే అన్న. పెన్ను తీసుకుని కింద గీత గీసింది.

రెండో పేజీ ఖాళీగ ఉన్నది. అది నీది.

నీ మామ