మధుకర మెత్తలేని శిష్యురాలు

కైశిక మాహాత్మ్యములోని నంపాడువాను కథ తెలియని శ్రీవైష్ణవ గృహము అరుదు. బ్రహ్మరాక్షసునకు ఆహారము కావలసిన ఆ గాయకుడు, స్వామిని కీర్తించి మరలి వత్తునని మాట ఇచ్చి, పాడి, నిజముగనే మరలి వచ్చెను. అప్పుడు రాక్షసుడు అతని ప్రాణమును కోరలేదు. అతని పాట ఫలమును యాచించెను. ఒక్క కైశిక గీతఫలముతో వానికి విముక్తి కలిగెను. పుట్టుకచే కోవెల వెలుపల నిలిచిన వాని పాటకు పురాణము కట్టిన విలువ అది. కార్తిక శుద్ధ ద్వాదశినాడు నేటికిని ఈ కథను స్మరింతురు.

పాటఫలము నందుకొనుటకు లోకము ఎప్పుడును సిద్ధమే. ఆ పాట నేర్చుకొను కాలమున అన్నము పెట్టువా రెవరను ప్రశ్న మాత్రము వెనుకబడును.

విజయనగర ప్రభువులు 1919లో సంగీత కళాశాలను స్థాపించిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు దాని ప్రథమాధ్యక్షులు. సంగీతము కొరకు ఆ పట్టణము చేరిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారికి పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆశ్రయమిచ్చి విద్య చెప్పిరి. ఆకలిని మాత్రము ఆ బాలుడు జోలె పట్టి, ఇల్లిల్లు తిరిగి, మధుకరముతో తీర్చుకొనెను. తరువాత ఆ కంఠమే భగవద్గీతను తెలుగువారి ఇంటింట వినిపించెను. ప్రతిభ కలవాడు ఎట్లైనను పైకి వచ్చుననుటకు పెద్దలు ఈ వృత్తాంతమునే చూపుదురు.

ఆ బాలుని స్థానమున కోదాడనుండి వచ్చిన పదునాలుగేండ్ల పిల్లను ఊహింపవలెను. తెలియని ఊరిలో చీకటి పడువేళ ఆమె జోలె పట్టి వాకిలి వాకిలి నిలువగలదా? ఏ తల్లియు సమ్మతింపదు. సమ్మతింపకపోవుట తప్పును కాదు. పేద బాలునకు వీధియే విద్యార్థివేతన మయ్యెను. బాలికకు ఆ వీధి లేదు. కావున ఆమెకు ప్రతిభ ఉన్నచో చాలునను మాట సగము నిజమే.

సూర్యాపేటనుండి హైదరాబాదునకు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ ఇంకను దూరము. మిర్యాలగూడ పిల్లకును ఆ నగరపు సంగీత కళాశాల దినదినము వెళ్లి వచ్చు చోటు కాదు. కేంద్రప్రభుత్వ సాంస్కృతిక సంస్థ 10 నుండి 14 ఏండ్ల బాలబాలికలకు 1982నుండి ఇచ్చుచు వచ్చిన కళావేతనము చిరకాలము ఏటికి 3,600 రూపాయలు. గురువుగారి రుసుము వేరుగ లెక్కించినను, నెలకు మూడువందలతో ఒక పిల్ల పరవూర బ్రదుకలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. ఆడపిల్ల పెండ్లియైన పిదప పాట మానివేయును, సొమ్ము వ్యర్థమగునని. ధనుర్మాసమున గోదాదేవి ముప్పది పాశురములను అనుసంధించు ఇండ్లలో ఈ సందేహము పుట్టుట వింతయే. మానివేయుట యనునది చాలసార్లు మాన్పించుటయే. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిమందిరమును తన ధనముతో నిర్మించిన బెంగుళూరు నాగరత్నమ్మగారికే, ఆరాధనోత్సవమున పురుషులతో సమముగ పాడు అవకాశమునకై 1941 వరకు వేచియుండవలసి వచ్చెను. గోదానము చేసినవాడు పిమ్మట పాలలెక్క అడుగడు గదా! విద్యకు వేతన మిచ్చినవాడు కచేరీల లెక్క అడిగినచో అది దానము కాదు, అప్పు.

అయినను సొమ్ము పరిమితము, అడుగువారు పలువురు. ఈ చిక్కు నిజమైనదే. సాధారణముగ పోటీ పెట్టి, చక్కగ పాడినదానికి ఇత్తురు. పండ్రెండేండ్లకే చక్కగ పాడు పిల్లకు తరచు ఇంట హార్మోనియమో, పాడు తల్లియో ఉండును. ఆ పోటీలో గెలుచునది కొంతవరకు ఇల్లే. మొదట ఒక ఏడాది తరగతి కెల్ల స్వరము నేర్పి, అటుపిమ్మట ఎవరి చెవి పదునైనదో చూచుట న్యాయము. ఆలస్యమగును, ఖర్చును అగును.

అది జరుగుటకు అనువైన చోట్లు లేకపోలేదు. 2004లో ఆరంభమైన కస్తూరిబా బాలికా విద్యాలయములవంటి వసతి పాఠశాలలలో అన్నము, నీడ ముందే కలవు. ఇక కావలసినది వారమునకు రెండుమూడు దినములు వచ్చు ఉపాధ్యాయురాలు, ఒక శ్రుతిపెట్టె, కుదిరినచో ఒక వీణ. కృష్ణాతీరమున మట్టపల్లికి, కృష్ణామూసీ సంగమమున వాడపల్లికి వచ్చు భక్తులలో అన్నదానమునకు విరాళమిచ్చువారు పెక్కురు. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల యజమానులును, సూర్యాపేట వర్తకులును ఒక ఉపాధ్యాయురాలి నెలజీతము నడిగినచో కాదందురని ముందుగనే తలపనేల? అడుగువారు మొదట బయలుదేరవలెను.